సూర్యుని లెక్కగట్టిన పల్లె

ఫ్రాన్సు దేశపు ఆగ్నేయభాగమున, గియెస్త్ర్ అను చిన్నపట్టణమును వీడి, గిల్ అను కొండయేరు యుగయుగములుగ కోసికొనిన ఇరుకులోయలో, ఒకవంక నిలువుగ లేచిన శిలాకుడ్యమును, వేరొకవంక అగాధమున నురుగులు గ్రక్కుచు పరుగిడు జలమును చూచుచు, అచ్చటచ్చట కొండనే తొలిచి వేసిన సొరంగముల గుండ తూర్పుదెసకు సాగిపోవు బాటసారికి, ఇంక ఈ దారి ఎచ్చటికిని పోదేమో యను శంక జనించు సమయమున, కొండలు రెండును ప్రక్కలకు తొలగి, వెలుతురు నిండిన విశాలమైన లోయ యొకటి కనబడును. దాని పేరు కేరా. లోయ నడుమ నొక ఒంటరిగుట్టమీద షాతో కేరా అను మధ్యయుగపు దుర్గము దారికి అడ్డముగ నిలిచియున్నది. పదునాలుగవ లూయీ కొలువున సుప్రసిద్ధుడైన వోబాన్ అను దుర్గనిర్మాత ఆలోచన ననుసరించి దాని ప్రాకారములను విస్తరించిరి. ఆ దుర్గమును దాటి దక్షిణమునకు మరలి, మొలీన్ అను ఊరి మీదుగ మెలికలు తిరుగుచు పైకి ప్రాకు త్రోవ చివర, సముద్రమట్టమునకు 2040 మీటర్ల ఎత్తున, ఎండకు నల్లబడిన కొయ్యయిండ్ల వరుస యొకటి కొండచరియను పట్టుకొనియుండును. అదియే సేన్ వెరాన్. నేటి జనసంఖ్య రమారమి రెండు వందలు. పైలోయ నెక్కి శిఖరరేఖను దాటినచో ఆవలిది ఇటలీ.

ఐరోపాఖండమున అన్నింటికంటె ఎత్తుననున్న కమ్యూను, అనగా సొంత పాలకసంఘము గల గ్రామము, తమదే యని ఆ యూరివారు చిరకాలముగ చెప్పుకొనుచున్నారు. స్విట్జర్లాండులోని యూఫ్ అను కుగ్రామము 2126 మీటర్ల ఎత్తున లేదా యని ఎవరైన ఆక్షేపించినయెడల, అది వేరొక కమ్యూనునకు చెందిన శివారుపల్లె మాత్రమే గదా యని సమాధానము చెప్పుదురు. ఇట్టి తగవును తీర్చుట మన పనిగాదు. తమ యూరి కోళ్లు నక్షత్రములను ఏరుకొని తినునని వారు చెప్పుకొను పరిహాసోక్తి నాకు ఆ బిరుదుకంటె ఎక్కువ నచ్చినది.

ఎత్తు ప్రకృతి యిచ్చునది. ఆ యెత్తున ఏడాది పొడవునను కాపురముండుట మనుజుల పని. మేతకాలమున పశువులతో పైకి పోయి చలిగాలి సోకగనే దిగివచ్చెడి వేసవివిడుదులు ఆల్ప్సు పర్వతములయందు ఇంతకంటె ఎత్తున ఎన్నియో కలవు. సేన్ వెరాన్ అట్టిది కాదు. ఏడాదిలో సగమునకు దగ్గరగ నేల మంచు క్రిందనుండు ఈ చోట శతాబ్దముల తరబడి శిశువులు పుట్టిరి, పైరులు పండెను, వ్యాజ్యములు నడచెను, వృద్ధులు గతించిరి. గడ్డకట్టిన నేలను త్రవ్వుటకు వీలుపడక, శీతకాలమున చనిపోయినవారి దేహములను ఇంటికప్పుమీది మంచులో నుంచి వసంతమున పూడ్చుచుండిరని ఆల్ప్సు పల్లెలు పెక్కింటిని గూర్చి చెప్పుకొను మాటను ఈ యూరి విషయమునను చెప్పుదురు. అది యెంతవరకు నిజమైనను, బ్రదుకు ఎంత ఖండితముగ ఋతువునకు లొంగియుండెనో ఆ మాట తెలుపుచున్నది. ఇట్టిచోట నిలువవలెనన్న గుండెధైర్యముతో పాటు మంచి లెక్కయు కావలెను. ఎండ ఎన్ని గడియలు, గడ్డి ఎన్ని మోపులు, రొట్టెలు ఎన్ని, వానితో ఎన్ని నోళ్లు వసంతమును చూడగలవు అను గణితమే ఆ యూరి చరిత్ర యని నాకు తోచుచున్నది.

మొదటి లెక్క ఎండది. ఆ ప్రాంతమున ప్రతి లోయకును రెండు చరియలు. దక్షిణమునకు తిరిగి ఎండను త్రాగునది ‘ఆద్రే’, ఉత్తరమునకు తిరిగి నీడలో నుండునది ‘ఉబాక్’. ఊరును పొలములును ఆద్రేకు, అడవి ఉబాకునకు అని పూర్వులు పంచియుంచిరి. ఇండ్లు బారులుబారులుగ ఒకదాని నీడ మరియొకదానిపై పడకుండ, ముఖములన్నియు ఎండవైపునకు త్రిప్పి కట్టబడినవి. ఇంత చేసినను పైరునకు కాలము చాలదు. ఒక వేసవి చివర చల్లిన రై ధాన్యము మరుసటి వేసవి చివరకుగాని కోతకు రాదు. కోతనాటికైనను గింజ పూర్తిగ ఎండదు. అందుచేత పంటను పొలముననే ముగింపక, తక్కిన పని ఇంటికి అప్పగించిరి.

ఆ యింటిని కొంచెము నిదానముగ చూడవలెను. క్రిందిభాగము దళసరి రాతిగోడల కట్టడము. దానిమీద, దానికంటె పెద్దదిగ, ‘ఫ్యూస్త్’ అను కొయ్యకట్టడము లేచియుండును: లార్చ్ చెట్టు దూలములను అడ్డముగ పేర్చి, మూలలయందు ఒకదాని గాడిలో మరియొకదానిని ఇరికించి పైదాక కట్టుకొని పోవుదురు. కప్పునకు పలుచని రాతిపలకలు గాని, లార్చ్ పలకలు గాని పరతురు. ఆ పైభాగమున నుండునది ఎండుగడ్డియు ధాన్యమును; మనుష్యులుండునది క్రింద. అందునను మనుష్యులు మాత్రమే కాదు. శీతకాలమున ఒకే గదిలో ఒకప్రక్క మంచములు, బల్ల, పొయ్యి. ఇంకొకప్రక్క ఆవులు, గొఱ్ఱెలు. కట్టెలను పొదుపు చేయవలసిన దీర్ఘశీతకాలమున పశువుల దేహములనుండి వెలువడు వేడియే ఆ గదికి ఆధారము; ఆ వేడి పైకి పోకుండ ఆపునది నెత్తిమీది గడ్డివాము. ఆ గడ్డి క్రమముగ తరుగుచు వచ్చి, తుదకు అటక బోసిపోవునప్పటికి వసంతము రావలెను. రానిచో పశువునకు మేతయు మనుష్యునకు వెచ్చదనమును ఒకేమారు కరవగును. ఏ యిల్లు ఎన్ని పశువులను శీతకాలము దాటింపగలదు అను ప్రశ్నకు సమాధానము ఆ యటక కొలతలోనే యుండెను.

ఇంటి దక్షిణముఖమున, పైయంతస్తులయందు, కొయ్యవసారాలు వరుసలుగ వ్రేలాడుచుండును. చిత్రకారులకును ఛాయాచిత్రకారులకును అవి శృంగారములు. కట్టినవానికి మాత్రము అవి కళ్లములు. సగము పండిన రై పనలను అచ్చట నిలిపియుంచి, శరత్కాలపు ఎండకును గాలికిని ఆరనిచ్చి, తరువాత తీరికగ నూర్చుకొనుచుండిరి. లార్చ్ కొయ్య తేలికగ క్రుళ్లదు. ఎండ తగులుకొలది దానిరంగు మారి దక్షిణపుముఖము నల్లబారును. మనుష్యులు పశువులతో కలిసి యుండు ఈ యాచారము ఇచ్చట 1970ల వరకును సాగినది. అటువంటి పాత యింటినొకదానిని, 1641లో కట్టిన ‘సూమ్’ అను గృహమును, నేడు ప్రదర్శనశాలగ నిలిపియున్నారు. కేరా లోయవారు శీతకాలపు రాత్రులందు చాకుమొనతో గులాబీచక్రములు చెక్కిన పెట్టెలను చూడదలచినవారు గ్రెనోబ్ల్ నగరమున 1906లో స్థాపితమైన దోఫినే ప్రదర్శనశాలకు పోవలెను. మంచుకాలమంతయు చేతికి పనిలేని రైతు చేతిలో ఒక చాకును మెత్తని కొయ్యయు నుండిన నేమగునో ఆ పెట్టెలు సాక్ష్యము పలుకును.

రొట్టె విషయమును చెప్పక తప్పదు. ఊరుమ్మడి రొట్టెలపొయ్యిని వేడిచేయుటకే ఎన్నో మోపుల కట్టెలు కావలెను. ఒకమారు వేడెక్కిన పొయ్యిని చల్లారనిచ్చుట నష్టము. అందువలన చలికాలము ప్రవేశించు తరుణమున కుటుంబములన్నియు వంతులు వేసికొని, వరుసగ కొన్నాళ్లపాటు ఏడాదికి సరిపడు రై రొట్టెలను కాల్చి అటకలందు దాచుకొనుచుండెడివి. కొన్నినెలలు గడచిన పిమ్మట ఆ రొట్టెను కోయుటకు మామూలు చాకు పనికిరాదు. ఒక కొన పలకకు బిగించియుండి రెండవకొనను పట్టి క్రిందికి నొక్కెడి ఒక ప్రత్యేకమైన కత్తి, మన కత్తిపీటకు దూరపు చుట్టమనదగినది, ప్రతి యింటను ఉండెడిది. కోసిన ముక్కను పులుసులోనో పాలలోనో నానబెట్టికొని తినుచుండిరి. నేటి యాత్రికులు ‘మొరటు రొట్టె’ యని ముచ్చటపడి కొనుక్కొనునది దీని మనుమరాలు. దానిని వారములోపలనే తిని ముగింతురు.

ఎండుగడ్డియు కొయ్యయు ఇంతగ కూడియున్నచోట నిప్పు శత్రువు. ఒక్క రవ్వతో ఊరంతయు భస్మమైన సందర్భములు ఆల్ప్సున అరుదుకాదు. అందుకు సేన్ వెరాన్ వారు చేసిన ఉపాయము సులభమైనది: ఊరిని కొన్ని పేటలుగ విడగొట్టి, పేటకును పేటకును నడుమ ఇల్లు కట్టరాని ఖాళీస్థలము విడిచిపెట్టిరి. ప్రతి పేటకును తన రొట్టెలపొయ్యి, తన నీటిధార, ఆ ధార క్రింద లార్చ్ కొయ్యతో చేసిన పెద్దతొట్టి, తన శిలువ. ఆ శిలువలను ఆగి చూడవలెను. క్రీస్తును హింసించుటకు వాడిన మేకులు, సుత్తి, నిచ్చెన, బల్లెము, కొరడా మొదలగువానిని కొయ్యతో మలచి శిలువకు అమర్చిరి, ఆ గాథలోని కోడిపుంజును సైతము మరువలేదు.

ఊరికి పేరిచ్చిన వెరాన్ ఆరవ శతాబ్దమున దక్షిణాన కవయోన్ పట్టణమునకు బిషప్పుగ నుండిన పుణ్యపురుషుడు. ఆయన ఒక ఘోరసర్పమును గాయపరచెననియు, అది రక్తము కార్చుచు ఆల్ప్సు దెసకు ఎగిరి వచ్చి ఇచ్చట పడిపోయెననియు, రక్తబిందువులు రాలిన చోట్లే తరువాతి కాలమున గొఱ్ఱెలకాపరుల మజిలీలైనవనియు కథ. మైదానపు ప్రొవాన్సునుండి ప్రతి వేసవియు గొఱ్ఱెలమందలు కొండమేతకు ఎక్కివచ్చుట వాస్తవమైన ఆచారము. ఆ పాతదారిని ఎవరును మరువకుండ ఒక పామును దానివెంట ఎగురవేసిన కథకుని చాతుర్యమును మెచ్చవలసినదే.

ఇట్లు ఇంటిలెక్కలో ఆరితేరినవారికి ప్రభుత్వముతోడి లెక్కయు చేతకాకపోలేదు. ఈ ప్రాంతమును పాలించు దోఫినే ప్రభువు రెండవ ఉంబేర్, ఋణభారముతో సతమతమగుచుండి, 1343 మే 29వ తేదీన బ్రియాన్సోన్ ప్రాంతపు కొండపల్లెలతో ఒక ఒడంబడిక వ్రాసికొనెను. పల్లెలు ఆయనకు 12,000 బంగారు ఫ్లోరినులు రొక్కముగ చెల్లించి, ఏటేట కొంత కప్పము కట్టుట కంగీకరించెను. అందులకు బదులుగ ప్రభువు తన భూస్వామ్యపు హక్కులను వదలుకొనగా, ప్రజలు స్వేచ్ఛగ సమావేశమగుటకును, తమ పెద్దలను తామే ఎన్నుకొనుటకును, పన్నులను తమలో తామే పంచుకొనుటకును అధికారము పొందిరి. ఈ పంపకపు కూటములకే ‘ఎస్కార్టోన్’ అని పేరు. బ్రియాన్సోన్, కేరా, ఊల్క్స్ మొదలుగాగల అయిదు ఎస్కార్టోనులు కలసి కనుమలకు ఈవలను ఆవలను పరచుకొనియుండెను. వానిలో కేరా ఒకటి, కేరాలో సేన్ వెరాన్ ఒక సభ్యపల్లె. ఆరేండ్లకు, అనగా 1349లో, సంతానహీనుడైన ఉంబేర్ తన రాజ్యమునే ఫ్రాన్సునకు అప్పగించెను. నాటినుండి ఫ్రాన్సు యువరాజునకు ‘దోఫేన్’ అను బిరుదు వచ్చినది. రాజు మారినను ఒడంబడిక మారలేదు. 1713 నాటి యూట్రెక్ట్ సంధివలన ఎస్కార్టోనులలో మూడు సవాయ్ రాజ్యమునకు పోయినవి. తక్కినవాని ప్రత్యేకాధికారములు ఫ్రెంచి విప్లవము తొలియేట, 1789లో, తక్కిన ప్రత్యేకాధికారములన్నింటితోను రద్దయ్యెను. స్వాతంత్ర్యమును కొనుక్కొనినవారికి స్వాతంత్ర్యమును ఉచితముగ పంచిపెట్టు విప్లవము ఒకవిధమైన నష్టమే తెచ్చెనన్న విచిత్రము ఇందు కలదు.

లోయపత్రములను భద్రపరచు బీరువాకు ఒక తాళముగాక అనేక తాళములుండెడివి. సభ్యపల్లెల పెద్దలు తలకొక తాళపుచెవి పట్టుకొని కూడివచ్చిననే అది తెరచుకొనును. ఏ యొక్క పల్లెయు తక్కినవారికి తెలియకుండ ఒడంబడికలోని అక్షరమును తాకజాలదు. నేటి ప్రజాస్వామ్యములయందు ఇట్టి బీరువాలు మరికొన్ని యుండిన బాగుండెడిది.

లెక్కలు వ్రాసికొనువారికి చదువు కావలెను. కేరా బ్రియాన్సోన్ ప్రాంతములలో రైతుబిడ్డలు సైతము చదువ వ్రాయ నేర్చుట, మైదానపు ప్రాంతములు పెక్కింట నిరక్షరాస్యత రాజ్యమేలుచున్న కాలమున, చూచినవారిని ఆశ్చర్యపరచినది. మంచుకాలమున పొలముపని లేదు. కావున ఈ లోయల యువకులు ఉపాధ్యాయులై దిగువదేశములకు పోవుచుండిరి. శరత్కాలపు సంతలలో తలటోపీలో ఈకలు గ్రుచ్చుకొని నిలువబడెడివారు. చదువు మాత్రమే చెప్పువానికి ఒక ఈక. చదువుతోపాటు గణితమును చెప్పువానికి రెండు. ఆ రెంటికి లాటిను సైతము తోడైన మూడు. గ్రామపెద్దలు ఈకలను చూచి బేరమాడి వారిని పిలుచుకొనిపోవుదురు. విక్టర్ హ్యూగో 1862లో వెలువరించిన ‘లె మిజరాబ్ల్’ నవలలో దయామయుడైన బిషప్పు, బడిలేని పల్లెలకు ఆదర్శముగ ఈ కేరావారినే చూపి, ఈకల సంగతిని వర్ణించి చెప్పును. ఆ నవల మన తెలుగువారికి అపరిచితము కాదు. నాగయ్యగారు నటించిన 1950 నాటి ‘బీదలపాట్లు’ చలనచిత్రమునకు మూలమదియే. వెండి దీపస్తంభములను దొంగకే దానమిచ్చిన ఆ బిషప్పు మనకందరకు గుర్తున్నాడు. ఆయన ఉపన్యాసములోని కేరాపంతుళ్లు మాత్రము తెరకెక్కు భాగ్యమునకు నోచుకొన్నవారు కారు.

చదువుకొనినవారు బైబిలును తామే చదువుకొనిరి. దాని ఫలితముగ 16వ శతాబ్దమున ప్రొటెస్టెంటు మతము ఈ లోయలో బలముగ వేరూనినది. 1685లో పదునాలుగవ లూయీ నాంత్ శాసనమును రద్దుచేసి ఆ మతమును నిషేధింపగా, అనేకులు స్విట్జర్లాండునకును జర్మను రాజ్యములకును కొండదారులవెంట వెడలిపోయిరి. మిగిలినవారు పైకి కతోలికులై లోపల పాతవిశ్వాసమును కాపాడుకొనిరి. విప్లవానంతరము స్వేచ్ఛ వచ్చినను బోధకులు లేరు. అట్టి తరుణమున జెనీవాలో 1797లో జన్మించిన ఫేలిక్స్ నెఫ్ అను యువకుడు, 1820ల నడుమ, సేన్ వెరానును కలుపుకొని కనుమల కావలనీవల చెదరియున్న పల్లెలన్నింటికి ఒక్కడే బోధకుడై, మంచులో కాలినడకను తిరుగుచు, ఆదివారమున దైవవాక్యమును, తక్కిన దినములందు బంగాళదుంపల సాగును, నీటికాలువల త్రవ్వకమును బోధించెను. దోర్మియూజ్ అను దుర్గమమైన పల్లెలో ఉపాధ్యాయులను తయారుచేయు పాఠశాలను పెట్టెను. ఆ శ్రమ ఆయన దేహమును తినివేసినది. 1829లో ముప్పదిరెండేండ్లైన నిండకుండ మరణించెను. నేడు సేన్ వెరాన్ చిన్నయూరైనను దానియందు ద్వారమున రాతిసింహములు గల 17వ శతాబ్దపు కతోలికు దేవాలయమును, నిరాడంబరమైన ప్రొటెస్టెంటు ప్రార్థనామందిరమును రెండును కలవు.

ఇక ఎండగడియారములు. కేరా లోయలో ఇంటిగోడలమీద, దేవాలయముల గోడలమీద ఇవి విరివిగ కనబడును. సేన్ వెరానులోనే ఇరువదికి పైగ కలవు. వీనిలో అందమైనవి పెక్కు జొవన్ని ఫ్రాంచెస్కో జార్బులా అను సంచారచిత్రకారుని చేతిపని. అతడు కనుమ కావలి పీడ్మాంటునుండి వచ్చి, 1830, 1870 సంవత్సరముల నడిమికాలమున, ఊరూర తిరుగుచు, తడిసున్నపుగోడమీద రంగులు వేసి, చలువరాతివంటి చట్రములను, పూలకుండలను, ఈ కొండలలో ఎవ్వరును చూడని వింతపక్షులను చిత్రించి, మూలను తన పేరులోని మూడు మొదటి అక్షరములను విడిచిపోయెను. గోడనుండి పొడుచుకొనివచ్చిన ఇనుపకమ్మి భూమి అక్షమునకు సమానాంతరముగ నిలువవలెను. గోడ సూటిగ దక్షిణమునకు గాక కొంచెము తూర్పునకో పడమటికో తిరిగియున్నచో గంటల గీతలన్నియు దానికి తగినట్లు మారవలెను. కావున ప్రతిగోడకును వేరులెక్క. ఒక యింటి గడియారమును ఇంకొక యింటికి అతుక జాలము. జార్బులా గీతలు నేటికిని సరిగనే పలుకును. అయినను చేతిగడియారముతో పోల్చి చూచు యాత్రికుడు తికమకపడును: వేసవిలో గోడమీది నీడ మధ్యాహ్నమును చేరునప్పటికి చేతిగడియారము సుమారు ఒంటిగంటన్నర చూపుచుండును. ఫ్రాన్సు ప్రభుత్వము తన గడియారమును మధ్యఐరోపా కాలమునకు జరిపి, వేసవిలో మరియొక గంట ముందునకు త్రోయుటయే ఆ భేదమునకు ముఖ్యకారణము. సూర్యునితో నడచునది గోడ. రైలుబండ్లతో నడచునది చేయి.

ఊరి వెనుక ఎగ్ బ్లాన్ష్ అను సెలయేటి వెంట పైకి పోవు లోయలో క్లోజిస్ అను చిన్న ప్రార్థనాలయము కలదు. జులై 16వ తేదీన సరిహద్దుకు ఇరువైపులవారును అచ్చటికి యాత్ర పోవుదురు. ఆ సమీపముననే, 2400 మీటర్లకు పైన, రాగిగని యొకటి యున్నది. ఇటీవలి కాలమున దానిని 20వ శతాబ్దమున కొన్నాళ్లు త్రవ్వి విడిచిరిగాని, దాని తొలి త్రవ్వకము కంచుయుగము నాటిదని, నేటికి రమారమి నాలుగువేల యేండ్ల క్రిందటిదని పురావస్తుశోధకులు తేల్చిరి. రాతికి నిప్పు పెట్టి, వేడికి పగిలిన పిమ్మట రాతిసుత్తులతో లోహధాతువును రాల్చుకొనుట నాటి పద్ధతి. ఇంత ఎత్తున రాగి ఎట్లు వచ్చినదనగా, ఈ కొండలు ఒకప్పుడు సముద్రపు అడుగు. ఐరోపా, ఆఫ్రికా ఫలకముల నడుమ సుమారు పదునారు కోట్ల యేండ్ల క్రిందట తెరచుకొనిన సాగరమొకటి, తరువాత అవి దగ్గరకు జరుగగా మూసికొనిపోయి, దాని అడుగుననున్న అగ్నిశిలయు, దానిపై పేరుకొనిన బురదయు నలిగి మడతపడి పైకి లేచినవి. ఆ బురదయే నేడు పలకలు పలకలుగ విడివడి సేన్ వెరాన్ ఇండ్లకు కప్పైనది. అగ్నిశిలలోని వేడినీటి ఊటలు విడిచినదే ఆ రాగి. ఎండనీడల లెక్కలు కట్టువారికి తెలియని లెక్క యిది. కాని కప్పు వారికి అందివచ్చినది.

పరిసరములలోని లార్చ్ అడవిని గూర్చి ఒకమాట. దేవదారు కుటుంబమునకు చెందినదైనను ఈ వృక్షము శీతకాలమున తన సూదులన్నియు రాల్చును. కొమ్మల నడుమనుండి ఎండ నేలకు దిగును గావున చెట్లక్రిందనే పచ్చిక మొలచును. అడవియు మేతబీడును ఒకటే యగును. ఇంకను పైకి పోయి గిల్ నది పుట్టుచోట, 3841 మీటర్ల విజో శిఖరపు పాదములయందు, లాంజా సాలమాండరు అను నల్లని ఉభయచరము కలదు. ప్రపంచమున విజో చుట్టుప్రక్కలనే కనబడు ఈ ప్రాణిని శాస్త్రజ్ఞులు వేరుజాతిగ 1988లో గుర్తించిరి. వేసవి అంత కురుచయగుటచేత అది గ్రుడ్లను నీటిలో విడువక కడుపులోనే పెంచి, ఎన్నో యేండ్ల గర్భమునకు పిమ్మట పూర్తిగ ఎదిగిన పిల్లలను కనును. ఆ యెత్తున లెక్క తప్పరానిది మనుష్యునకొక్కనికే గాదని దానివలన తెలియును.

లోయకు వేరొక ద్వారము ఇజోవార్ కనుమ, 2360 మీటర్లు. తూర్ ద ఫ్రాన్స్ సైకిలుపందెమును అనుసరించువారికి ఆ పేరు కొత్తగాదు. చెట్టుచేమలు లేని కాస్ దెజెర్త్ అను రాళ్లదిబ్బల నడుమ ఫౌస్తో కొప్పి, లూయిజోన్ బొబే అను ఇరువురు వీరుల స్మారకఫలకములు కలవు.

ఇరువదవ శతాబ్దము ఈ లెక్కలన్నింటిని తారుమారు చేసినది. యువకులు వలసపోయిరి. ప్రక్కనున్న ఎగుయీ అను ఊరివారు అంతకు ముందే దక్షిణ అమెరికాకు వర్తకమునకై పోయి, సంపన్నులై తిరిగివచ్చి, కొండలోయలో మేడలు కట్టించిరి. ఆ మేడలు నేటికిని చుట్టుప్రక్కల కొయ్యయిండ్లతో పొత్తు కుదరక నిలిచియున్నవి. ఆర్వియో అను ఊర ఒక ప్రొటెస్టెంటు బోధకుడు, రైతులు శీతకాలమున ఊరు విడిచి పోకుండుటకై, 1920 ప్రాంతమున కొయ్యబొమ్మల సహకారపరిశ్రమను నెలకొల్పెను. 1957 జూను నడుమ, ఆలస్యముగ కురిసిన మంచు కరగుచున్న తరుణముననే ఇటలీవైపునుండి వచ్చిన మేఘములు కుంభవృష్టి కురియగా, గిల్ నది వంతెనలను, రోడ్లను, ఇండ్లను ఊడ్చుకొనిపోయినది. ఇంక ఈ లోయ ఖాళీయగునని అనుకొనిరి. అట్లు కాలేదు. సెయాక్ ఊరికి 1965లో మేయరైన ఫిలిప్ లమూర్, దేశస్థాయిలో ప్రాంతీయాభివృద్ధి ప్రణాళికలకు ఆద్యులలో నొకడు, పెద్ద హోటళ్ల కంపెనీలకు భూమినమ్మక ఊరివారే పర్యాటకమును నడుపుకొను పద్ధతిని బలపరచెను. 1977లో కేరా ప్రాంతీయ ప్రకృతివనము ఏర్పడినది. నేడు మంచుపై జారు క్రీడలకు శీతకాలమునను, లోయచుట్టు కాలిబాట తిరుగుటకు వేసవిలోను జనులు వత్తురు. 

ఎండ లెక్కకు మాత్రము ఒక విచిత్రమైన వారసత్వము దొరికినది. ఊరికి పైన 2900 మీటర్లకు మించిన షాతో రెనార్ శిఖరముమీద, పారిస్ ఖగోళపరిశోధనాలయమువారు 1974లో సూర్యుని చుట్టుననుండు తేజోవలయమును పరీక్షించుటకై ఒక కేంద్రము కట్టిరి. గాలి పలుచన, తేమ తక్కువ, పట్టణదీపములు దూరము. సూర్యపరిశోధన ముగిసిన పిమ్మట దానిని ఔత్సాహిక ఖగోళప్రియుల సంఘమునకు అప్పగించిరి. వారు 62 సెంటీమీటర్ల దూరదర్శినితో రాత్రులు మేల్కొని కొన్ని చిన్నగ్రహములను క్రొత్తగ కనుగొనిరి. తిండియు బట్టలును మోసికొని పైకెక్కి వారముపాటు అచ్చట నుండుటకు ఔత్సాహికులు ముందుగ పేరు వ్రాయించుకొని వేచియుందురు.

నేటి చిక్కులు వేరు. ఇండ్లలో అనేకములు సెలవులలో మాత్రమే తలుపులు తెరచుకొను పట్టణవాసుల విడుదులు. ఊరి యువకునకు సొంతయూర ఇల్లు దొరకుట కష్టము. 1930ల నాటికి ఫ్రాన్సున అంతరించిన తోడేలు, 1992 నుండి ఇటలీ సరిహద్దు దాటి మరల ప్రవేశించి ఆల్ప్సున వ్యాపించుటతో, మందలకు తెల్లని పెద్దకుక్కలను కాపలా పెట్టవలసివచ్చినది. ఆ కుక్కలు యాత్రికులను బెదరించుచున్నవని ఒక తగవు, తోడేలును చంపనీయవచ్చునా యని మరియొక తగవు. గొఱ్ఱెలకాపరి పక్షమును ప్రకృతిప్రియుని పక్షమును రెండును విన్నవారికి తీర్పు చెప్పుట సులభము కాదు. నేను కాపరివైపే కొంచెము మొగ్గుదును, ఏలయనగా రాత్రియందు మందతోనుండువాడు అతడే.

పోదలచినవారికి నా సలహా: ఆగస్టు నెలను విడువుడు, జనము ఎక్కువ. అక్టోబరు నడుమ లార్చ్ సూదులు రాలుటకు ముందు బంగారువన్నె తిరుగును, గాలియు తేటగ నుండును. కాని ఆ రోజులలో వసతిగృహములు పెక్కు మూతపడియుండును, కావున ముందుగ వ్రాసి గది కుదుర్చుకొని మరీ బయలుదేరవలెను. మోన్ దోఫేన్ స్టేషనులో రైలు దిగి బస్సెక్కవచ్చును. ఆ స్టేషను పైననున్న వోబాన్ దుర్గపట్టణము, 1693లో మొదలిడినది, ఒక పూట ఆగి చూడదగినదే.